ఎన్ని అంగుళాలు అంటారు, ఎంత బరువు అని అడగరు

ఇప్పుడు పెద్ద బండికి స్ప్రింగులూ షాకబ్జర్లూ మార్పించుకోవడానికి వచ్చేవాడు మొట్టమొదట అడిగే మాట, "ఎన్ని అంగుళాలు లేస్తుందండీ?" అమ్మేవాడు చెప్పే మొదటి మాటా అదే. ఒకటిన్నరా, రెండా, మూడా. ఆ తర్వాత రంగు. పసుపు షాకబ్జరు కావాలా, నీలమా, ఎరుపా. ఆ తర్వాత ధర. ఈ బండిలో ఏం వేసుకుని తిరుగుతావు, ఎంతమంది ఎక్కుతారు, ఏ దారిన పోతావు అని అడిగే మనిషి ఆ కొట్లో ఒక్కడూ కనపడడు. మా రోజుల్లో ఆ ప్రశ్న అడక్కుండా మేస్త్రీ పానా పట్టేవాడు కాదు.

నేను పని నేర్చుకున్నది రాజమండ్రిలో, ఓ రేకుల షెడ్డులో. అక్కడికి ఇరిగేషన్ వాళ్ల జీపులు వచ్చేవి, అడవి శాఖ జీపులు, కలప కాంట్రాక్టర్ల జీపులు, టాక్సీ అంబాసిడర్లు వచ్చేవి. జీపుకి నాలుగు మూలలా కమాన్ కట్టలే, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన వంపు ఉక్కు పట్టీలు. అంబాసిడర్‌కి ముందు టోర్షన్ బార్లు, వెనక కమాన్ కట్టలు. బండి వెనక కూలబడిందని ఎవరైనా వస్తే మా గురువుగారు వెంటనే కిందికి దూరేవారు కాదు. ఆసామిని బల్ల మీద కూచోబెట్టి, టీ తెప్పించి, అడగడం మొదలెట్టేవారు. "ఏం వేస్తున్నారండీ దీంట్లో? రోజూనా, ఎప్పుడన్నానా? మారేడుమిల్లి ఘాటీ ఎక్కుతారా, లంకల్లో తిరుగుతారా?" ఆయనకి జవాబు నచ్చకపోతే మళ్లీ తిప్పి అడిగేవారు. ఎప్పుడో ఒకసారి వేసే బరువుని రోజూ వేసే బరువుగా చెప్పేవాళ్లు అప్పుడూ ఉండేవాళ్లు.

తర్వాత టేపు. చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా ఎంత ఎత్తుందో నాలుగు మూలలా కొలిచి గోడ మీద సుద్దముక్కతో రాసేవాళ్లం. ఖాళీ బండికి నాలుగంకెలు, సరుకు వేశాక నాలుగంకెలు. ఆ ఎనిమిదంకెలూ చూశాక గానీ కట్ట విప్పాలా వద్దా అన్న మాట రాదు. కొన్నిసార్లు కట్ట బాగానే ఉండేది, షాకిల్ బుష్‌లు అరిగిపోయి ఉండేవి. మరికొన్నిసార్లు ఒక పక్క మాత్రమే దిగి ఉండేది. మెయిన్ పట్టీ చీలిందని అక్కడే తెలిసిపోయేది.

కట్ట విప్పాక సెంటర్ బోల్టు తీసి పట్టీలన్నీ వరసగా నేల మీద పరిచేవాళ్లం. ఏది చీలింది, ఏది వంపు పోయింది కళ్లకి కనపడేది. వంపు పోయినదాన్ని కొలిమి దగ్గరికి పంపి మళ్లీ కమాన్ పెట్టించేవాళ్లం. నిత్యం బరువు మోసే బండికి కింద ఒక పట్టీ కలిపేవాళ్లం. ఆ బండి చేతులు మారి, కొత్తగా కొన్నవాడు కుటుంబంతో తిరిగేవాడైతే ఆ పట్టీ తీసేసేవాళ్లం. బరువుని బట్టి బలం పెంచడం, తగ్గించడం. ఆసామి పక్కనే నిలబడి చూసేవాడు కాబట్టి ఏం కలిపామో, ఎందుకు కలిపామో అతనికీ తెలిసేది. పట్టీల మధ్య రాసే గ్రాఫైట్ గ్రీజు వాసన నాకింకా గుర్తే.

షాకబ్జర్లూ అంతే. పాత అంబాసిడర్లలో అవి ఇప్పటిలా గొట్టాలుగా ఉండేవి కావు, చేయి ఉన్న ఇనప డబ్బాల్లా ఉండేవి. మూత విప్పి నూనె ఎంతుందో చూసి, తగ్గితే పోసి, మళ్లీ బిగించేవాళ్లం. గొప్పగా పనిచేసేవని నేను అనను. ఎండాకాలంలో నూనె పలచబడి బండి పడవలా ఊగేది. కానీ లోపల ఏముందో, ఎందుకు ఊగుతోందో మేస్త్రీకి తెలుసు, ఆసామికి చూపించి చెప్పగలడు.

ఇప్పుడు బండ్లు రెండు టన్నులు తూగుతున్నాయి. ఫార్చ్యూనరే తీసుకోండి. 2009లో మన దేశానికి వచ్చింది. నిచ్చెన ఛాసిస్ మీద కట్టిన బండి, ముందు డబుల్ విష్‌బోన్, నాలుగు మూలలా కాయిల్ స్ప్రింగులు. మొదటి తరం ఫార్చ్యూనర్ వెనక సీట్లో కూర్చున్నవాళ్లు గతుకు రాగానే ఎగిరిపడేవాళ్లన్నది ఆ బండి ఎక్కినవాళ్లందరికీ తెలుసు. కాబట్టి దానికి మంచి షాకబ్జర్లు వెతుక్కోవడం న్యాయమే. పది, పన్నెండేళ్లు నడిచిన బండికి స్ప్రింగులు దిగిపోవడమూ సహజం. మార్చుకోవద్దని నేను ఎవరికీ చెప్పను. ఎంచుకునే పద్ధతి పోయిందన్నదే నా బాధ.

ముందు ఒక విషయం తేలాలి. బరువు మోసేది స్ప్రింగు. షాకబ్జరు బరువు మోయదు. గతుకు మీద స్ప్రింగు ముడుచుకుని మళ్లీ సాగినప్పుడు ఆ ఊపుని పట్టి ఆపి, దాన్ని వేడిగా మార్చి గాలిలోకి వదలడమే దాని పని. స్ప్రింగు ఎద్దయితే షాకబ్జరు ముక్కుతాడు. బండి కూలబడిందని షాకబ్జర్లు మార్చేవాళ్లనీ, బండి ఊగుతోందని గట్టి స్ప్రింగులు వేసేవాళ్లనీ నేను ఈమధ్య వరసగా చూస్తున్నాను. రెండూ తప్పుడు మందులే. కూలబడితే స్ప్రింగు చూడాలి, ఊగితే షాకబ్జరు చూడాలి, కడకడమంటే బుష్‌లూ బాల్ జాయింట్లూ చూడాలి. మా షెడ్డులో పన్నెండేళ్ల కుర్రాడికి కూడా ఇది తెలిసేది.

ఇక గట్టిదనం సంగతి. "కొంచెం లావు తీగ స్ప్రింగు వేయించాను మేస్త్రీ గారూ" అంటారు. ఆ కొంచెం ఎంతో వాళ్లకి తెలియదు. కాయిల్ స్ప్రింగు గట్టిదనం తీగ మందాన్ని నాలుగుసార్లు హెచ్చవేసినట్టు పెరుగుతుంది. చుట్టల వెడల్పూ సంఖ్యా అంతే ఉంచి 14 మిల్లీమీటర్ల తీగని 15 చేస్తే స్ప్రింగు దాదాపు 32 శాతం గట్టిపడుతుంది. ఒక్క మిల్లీమీటరుకే అంత. మా కాలంలో ఒక పట్టీ కలపడానికి కూడా రెండుసార్లు ఆలోచించేవాళ్లం. ఇప్పుడు పెట్టె మీద 'హెవీ డ్యూటీ' అని రాసి ఉంటే చాలు, ముందూ వెనకా వేయించేసుకుంటున్నారు. మోసే బరువు లేని గట్టి స్ప్రింగు గతుకు మీద చక్రాన్ని నేలకి అంటుకుని ఉండనివ్వదు. చక్రం నేలని వదిలిన ఆ క్షణంలో బ్రేకూ లేదు, స్టీరింగూ లేదు. గట్టి స్ప్రింగు వేసిన బండి ధీమాగా ఉన్నట్టు కనిపిస్తుంది, వానలో మలుపు మీద జారుతుంది.

కంపెనీలని తప్పు పట్టడానికి లేదు. ఆస్ట్రేలియా వాళ్ల ఓల్డ్ మ్యాన్ ఎము, ఐరన్‌మ్యాన్ లాంటివి ఒకే బండికి రెండు మూడు రకాల స్ప్రింగులు చేస్తాయి. నిత్యం ఎంత అదనపు బరువు ఉంటే ఏ నంబరు వాడాలో పట్టికలు కూడా ఇస్తాయి. అంటే మా గురువుగారు బల్ల మీద కూచోబెట్టి అడిగిన ప్రశ్నే వాళ్లూ అడుగుతున్నారు. ఆ పట్టిక తిప్పి చూపించే కొట్టువాడు మాత్రం అరుదు. ఇంకో సంగతి. ఆస్ట్రేలియాలో వాళ్లు బండి ముందు ఇనప బంపరు, దాని మీద విన్చీ బిగించుకుంటారు. రెండూ కలిస్తే సులువుగా 80, 100 కిలోలు అవుతాయి. ముందు గట్టి స్ప్రింగు పుట్టింది ఆ బరువు కోసం. మన దగ్గర క్రాష్ గార్డులు పెట్టకూడదని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందకి వస్తుంది అది. ముందు ఆ ఇనుమే లేనప్పుడు ఆ ఇనుముని మోయడానికి చేసిన స్ప్రింగు మనకెందుకు? ఇంత చిన్న ప్రశ్న ఒక్కరూ వేసుకోరు.

మా మేనల్లుడు భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. పాత ఫార్చ్యూనర్ ఉంది, వెనక సీటు మడిచేసి మేత బస్తాలు, ఏరేటర్ మోటార్లు వేసుకుని గట్ల మీద తిరుగుతాడు. వెనక కూలబడుతోందని ఓ కొట్టుకి వెళితే, నాలుగు మూలలా రెండంగుళాల హెవీ డ్యూటీ కిట్టు బిగించి పంపించారు. నెల తిరక్కుండా నా దగ్గరికొచ్చాడు. "మావయ్యా, గట్టు మీద కూచోలేకపోతున్నాం. హైవే మీద పక్కనుంచి లారీ పోతే బండి ఊగి పక్కకి లాగుతోంది. అమ్మయితే ఎక్కనంటోంది." ఎంత బరువు మోస్తుందో కొట్లో అడిగారా అన్నాను. అడగలేదు. మరి నువ్వు చెప్పావా అన్నాను. "వాళ్లు అడగనిదే నేనేం చెప్తాను మావయ్యా?"

ఇద్దరం బండి తీసుకుని వేబ్రిడ్జికి పోయాం. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒకసారి, వెనకవి మాత్రమే పెట్టి ఒకసారి తూయించాం. ఖాళీగా ఒక జత, మామూలుగా వేసే సరుకుతో ఒక జత. ముందు ఇరుసు మీద తేడా దాదాపు లేదు. పడ్డ బరువంతా వెనకే. ఇది తేల్చడానికి పెద్ద చదువు అక్కర్లేదు, కాటా రుసుం తప్ప ఖర్చూ లేదు. ముందు కంపెనీ స్ప్రింగులే మళ్లీ వేయించాను. వెనక మాత్రం ఒక మెట్టు గట్టివి. నాలుగు మూలలా గ్యాసు షాకబ్జర్లు, ఆయా స్ప్రింగులకి సరిపడేవి. బుష్‌లు కొత్తవి. బండి ఒక్క అంగుళం కూడా అదనంగా లేవలేదు. ఇప్పుడు వాళ్లమ్మ ముందు సీట్లో కూచుని వస్తుంది.

ఎత్తు పిచ్చి గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అది ప్రాణాల మీదికి వచ్చే పిచ్చి. బండి ముందు భాగం లేస్తే చక్రాలకి తిప్పుడిచ్చే షాఫ్టులు ఎక్కువ వంపులో తిరుగుతాయి. సీవీ జాయింట్ల రబ్బరు తొడుగులు చిరిగి, గ్రీజు కారి, మట్టి చేరుతుంది. పై ఆర్ము కోణం మారి, స్టీరింగుని తిన్నగా ఉంచే క్యాస్టర్ వాలు తగ్గుతుంది. హైవే మీద స్టీరింగు తనంతట తాను నిలబడదు, డ్రైవరు పట్టుకునే ఉండాలి. కొన్ని బండ్లలో వెనక ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య బరువుని బట్టి వెనక బ్రేకుకి ఒత్తిడి సర్దే వాల్వు ఉంటుంది. వెనక లేపితే, బండి ఖాళీగా ఉందనుకుని అది వెనక బ్రేకుని తగ్గించేస్తుంది. సరుకు నిండుగా ఉన్నా అలాగే అనుకుంటుంది! లేపినవాడు ఆ వాల్వు రాడ్డు సర్దాలి. సర్దడం అటుంచి, అది అక్కడ ఉందని ఎంతమంది చూస్తున్నారు?

డబ్బు తక్కువైన వాళ్లకి స్ప్రింగు కూడా మార్చరు. పైన ఓ దిమ్మ పెట్టి బండిని లేపేస్తారు. పాత దిగిపోయిన స్ప్రింగే, అరిగిన షాకబ్జరే. ఆ షాకబ్జరు చలనం ఒకవైపు తగ్గిపోయి, చక్రం కిందికి దిగినప్పుడల్లా షాకబ్జరు చివరిదాకా సాగి టక్కుమని కొట్టుకుంటుంది. ఇంకొందరు కాయిల్ చుట్టల మధ్య రబ్బరు బఫర్లు ఇరికిస్తారు. ఆ చోట రెండు చుట్టలు కదలకుండా పోయి మిగతా చుట్టల మీద బరువంతా పడుతుంది, విరిగితే అక్కడే పక్కనే విరుగుతుంది. నేను విరిగినవి చేత్తో తీశాను. స్ప్రింగు కోసి బండిని దించేవాళ్ల గురించి రాయడానికి నాకు మనసొప్పదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. తయారీదారు ఇచ్చిన కొలతలకి భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చి చెప్పింది. అరిగిన స్ప్రింగు స్థానంలో అదే కొలతల స్ప్రింగు వేయడం మరమ్మతు. బండి రూపమే మారేటట్టు లేపడం వేరు. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సు మనిషి వచ్చి టేపు పెట్టే రోజున ఈ తేడా అర్థమవుతుంది.

ఒక విషయంలో ఈ కాలానికి నేను దండం పెడతాను. షాకబ్జర్లు నిజంగా మెరుగయ్యాయి. మా కాలంలో గొట్టం రకం ఉన్న బండ్లలో లోపల నూనె, దాని పైన గాలి. గతుకుల దారిలో గబగబా ఆడితే గాలీ నూనే కలిసి నురగయ్యేది, నురగ పట్టిన షాకబ్జరు ఉన్నా లేనట్టే. ఫ్రాన్సులో డి కార్బన్ అనే ఆయన నూనెకీ గ్యాసుకీ మధ్య కదిలే బిళ్ల పెట్టి, వెనక నత్రజనిని గట్టిగా ఒత్తి నింపే పద్ధతి కనిపెట్టాడు. దాన్ని 1957లో బిల్‌స్టైన్ వాళ్లు మెర్సిడెస్ కార్లకి తయారుచేశారు. అందులో గ్యాసు ఒత్తిడి కారు టైరులో గాలికి పది రెట్లు ఉంటుంది. నూనె నురగ కాదు. గొట్టం ఒకటే కావడంతో వేడి నేరుగా గాలికి పోతుంది. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాటీ దిగేటప్పుడు ఈ తేడా చేతికి తెలుస్తుంది. అయితే ఆ ఒంటి గొట్టానికి రాయి తగిలి సొట్ట పడితే లోపలి పిస్టనే పట్టేస్తుంది. జంట గొట్టానికి బయట సొట్ట పడినా లోపలి గొట్టం పనిచేస్తూ ఉంటుంది. క్వారీల్లోనూ గుట్టల్లోనూ తిరిగేవాడికి మంచి జంట గొట్టమే మేలు కావచ్చు. ఊళ్లోనూ హైవే మీదా కుటుంబంతో తిరిగేవాడికి గేబ్రియలో, కేవైబీయో, కంపెనీ షాకబ్జరో సరిపోతుంది. రంగుని బట్టి కాదు, దారిని బట్టి.

ఆ సొట్ట పడ్డ గొట్టాల్నీ, కారిపోయిన వాటినీ కోసి, నూనె పోసి, వెల్డింగు పెట్టి రంగేసి అమ్మేవాళ్లున్నారు. మా డబ్బా షాకబ్జరుకి మూత ఉండేది, విప్పడానికే చేసింది. ఇవి విప్పడానికి చేసినవి కావు. అంత ఒత్తిడి ఉన్న గొట్టాన్ని కోసే కుర్రాడి చేతులు తలుచుకుంటే నాకు భయమేస్తుంది.

షాకబ్జరు పోయిందో లేదో చూడ్డానికి బానెట్ మూల నొక్కి వదలడం పాత అలవాటు. చిన్న కార్లకి సరే. రెండు టన్నుల బండిని ఎంత నొక్కినా అది అంతగా కదలదు, కదలకపోతే బాగున్నట్టు కాదు. గొట్టం మీద కొంచెం చెమట పట్టినట్టు నూనె తడి ఉంటే కంగారు పడక్కర్లేదు. ధారగా కారి మట్టి గడ్డకట్టి ఉంటే మార్చాలి. టైరు మీద చేయి ఆడించి చూడండి, చుట్టూ అక్కడక్కడ గుంటలు పడినట్టు అరిగి ఉంటే చక్రం నేల మీద గెంతుతోందని అర్థం. మార్చినప్పుడు ఒక్కటే మార్చవద్దు. ఒకే ఇరుసుకున్న రెండూ కలిపి మార్చాలి.

రోడ్లు బాగయ్యాయి కదా, ఇవన్నీ ఎందుకంటారు. హైవేలు బాగయ్యాయి, ఒప్పుకుంటాను. ఊళ్లోకి మలుపు తిరగ్గానే స్పీడ్ బ్రేకరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన లెక్క ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. మన ఊళ్లలో రెండడుగుల వెడల్పున గోడలా కట్టి, రంగు కూడా వేయరు. మా రోజుల్లో జీపు 50, 60లో పోయేది, ఏ తప్పయినా కాస్త ఓర్చేది. ఇప్పుడు 110లో పోయే రెండు టన్నుల బండి ఆ తప్పు ఓర్వదు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

బిగించడంలోనూ తొందరే. బండి జాకీల మీద వేలాడుతుండగానే ఆర్ము బుష్ బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. కిందికి దించగానే ఆ రబ్బరు మెలితిరిగి, తొందర్లోనే చిరుగుతుంది. బోల్టులు చేతి బిగువుగా పెట్టి, బండిని నాలుగు చక్రాల మీద నిలబెట్టి, ఒకసారి ఊపి, అప్పుడు బిగించాలి. ఆపైన అలైన్‌మెంటు. కొత్త స్ప్రింగులు మొదటి వెయ్యి కిలోమీటర్లలో కొంచెం సర్దుకుంటాయి, అప్పుడు మళ్లీ కొలిచి, బోల్టులు మరోసారి చూసి, అలైన్‌మెంటు ఇంకోసారి చేయించాలి. కాబట్టి బిల్లు తీసుకునేటప్పుడు బండి తూకం, నాలుగు మూలల ఎత్తు, వేసిన స్ప్రింగు నంబరు దాని మీదే రాయించుకోండి. రాయనంటే పక్క కొట్టుకి వెళ్లండి. మా గోడ మీద సుద్దముక్కతో రాసిన అంకెలు వాన చెమ్మకి చెరిగిపోయేవి, మళ్లీ కొలిచి మళ్లీ రాసేవాళ్లం. ఇప్పుడు కంప్యూటరు బిల్లులో ఆ నాలుగంకెలకి చోటు లేదంటే నేను ఒప్పుకోను.